పోర్టరు వాగు వెంట: చక్రములు తిరిగిన లోయలో ఒక నడక

ఇంగ్లండు దేశమున పెన్నైను కొండల తూర్పువాలున వెలసిన షెఫీల్డు నగరము పేరు వినినంతనే ఉక్కును, కత్తియును స్మరణకు వచ్చుట లోకమునకు నేడు కలిగిన అలవాటు గాదు. పదునాలుగవ శతాబ్దమునందే చాసరు మహాకవి తన కథలలోని యొక పిండిమరవాడు షెఫీల్డు కత్తిని ధరించియుండెనని వర్ణించినాడు. 1624లో ఆ ప్రాంతపు కత్తుల పనివారి సంఘమునకు పార్లమెంటు శాసనముచేత అధికారము లభించినది. ఇంతటి ప్రసిద్ధికి ఆధారమైన శక్తి యేదియని విచారింపగా, ఆవిరియంత్రము పుట్టుటకు శతాబ్దములకు పూర్వమే ఆ నగరపు సానలను త్రిప్పి, సమ్మెటలను లేపి, వేలకొలది కుటుంబములకు కూడుపెట్టినవి, చాలచోట్ల బాలుడైనను రాళ్లపై అడుగువైచి దాటదగినంత చిన్నవాగులని తెలియును. ఆ వాగులలో నొకటి పోర్టరు. దాని యొడ్డున నేడు కాలిబాట గలదు. చేత ఒక పటము, కాళ్లకు గట్టి జోళ్లు ఉన్నచో, వేరొక మార్గదర్శకుని యవసరము లేకయే ఎవరి తీరిక కొలది వారు నడచి, ఒక పారిశ్రామిక నగరపు బాల్యమును ఆ బాటపై కన్నులార చూడవచ్చును.

షెఫీల్డునకు డాన్, షీఫ్, లాక్స్‌లీ, రివెలిన్, పోర్టరు అను ఐదు యేరులు కలవు. వీనిలో పోర్టరు మిక్కిలి చిన్నది. నగరమునకు పడమట, రింగింగ్‌లో గ్రామమునకు సమీపమున, నాచును నల్లని తడిమన్నును నిండిన ఎత్తైన బీళ్లలో పుట్టి, ఆ మన్ను రంగును కొంత తనలో కలుపుకొని, నగరమధ్యమున షీఫు నదిని చేరునంతలో వేయి అడుగులకు పైగా దిగివచ్చును. నీరు స్వల్పమైనను వాలు మెండు. నీటిమరకు ప్రవాహపు పరిమాణమెంత ముఖ్యమో, నీరు పడు నెత్తును అంత ముఖ్యము. ఈ కిటుకు నెరిగిన పూర్వులు ఆ కొద్దిపాటి ప్రవాహమునకు చోటు దొరకినచోటనెల్ల కట్టలు వేసి, సుమారు ఇరువది చెరువులను ఏర్పరచి, పైమర విడిచిన నీటిని క్రిందిమర పట్టుకొనునట్లుగా, ఒక్క నీటిచేతనే పలుమారులు పని చేయించుకొనిరి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల నెరిగిన మనకు ఈ యేర్పాటును గ్రహించుట కష్టము గాదు. అచ్చటను ఒక చెరువు అలుగు పారి దిగువ చెరువును నింపును. మన నీరు మడికి పోవును, వారి నీరు చక్రముపై పడును.

నడకకు పూర్వము ఒక నీటిమర యొక్క అంగములను తెలిసికొనియుండుట మేలు, ఏలయన ఆ గుర్తులు పట్టగలిగిననాడు ఆ లోయయంతయు వేరుగా కనబడును. మొదటిది వాగునకు అడ్డముగా వేసిన రాతి అడ్డుకట్ట. దాని పైభాగమునుండి చీలి, కొండవాలునంటి, వాగు క్రిందికి దిగిపోవుచుండగా తాను మాత్రము ఇంచుమించు సమతలముగా సాగు పిల్లకాలువ రెండవది; దీనిని షెఫీల్డువారు గాయిట్ అందురు. ఆ కాలువ చేరు చెరువు మూడవది. రాత్రియెల్ల నిండిన ఈ చెరువే పగటి పనికి పెట్టుబడి. వేసవిలో అది యెండినచో మరయును, మరపై బ్రతుకు మనుష్యులును పస్తుండవలసివచ్చెడిది. చెరువుకట్టలోని తూము నెత్తగా నీరు దోనెగుండ వచ్చి చక్రపు నెత్తిన పడును. చక్రము చుట్టును అమర్చిన తొట్లు ఒకదాని వెనుక నొకటి నిండి, ఆ బరువుచే చక్రము క్రిందికి ఒరిగి తిరుగసాగును. పని తీరిన నీరు వెనుకకాలువగుండ మరల వాగును చేరును. వాగునకు పైగా, చెట్లనడుమ, ఏ కారణము లేకయే సమతలముగా సాగుచున్నట్లు కనబడు గట్టు గాని పల్లము గాని యుండినచో, అది నూర్ల యేండ్ల క్రిందట మనుష్యులు పారలతో త్రవ్విన గాయిట్ అని నిశ్చయింపవచ్చును.

నడకను హంటర్స్ బార్ అను కూడలియొద్ద ఆరంభించుట వాడుక. ఇచ్చట 1884వరకు బండ్లకు సుంకము వసూలు చేయు గేటు ఉండెడిది; దాని రాతికంబములు నేటికిని కూడలి నడుమ నిలిచియున్నవి. అచ్చటికి దాపుననే ఎండ్‌క్లిఫ్ ఉద్యానవనము. విక్టోరియా రాణి పాలన యేబదియేండ్ల యుత్సవ సందర్భమున 1887లో దీనిని ప్రజలకు తెరచిరి. పచ్చికబయళ్లు, పెద్ద చెట్లు, ఈదులాడు బాతులు, పిల్లలు గంతులువేయుచు దాటు రాళ్లు, వీని నన్నిటిని చూచినవాడు ఇది విలాసముకొరకే సృష్టింపబడిన తావని భావించును. కాని యా కొలనులు మరచెరువులు. వాని ప్రక్కన సానలు తిరిగినవి. కర్మాగారము తొలగిపోయి చెరువు మిగులుటయు, మిగిలిన చెరువు ఉద్యానమునకు అలంకారమగుటయు ఈ లోయ పొడవున పదేపదే కనబడు కథ.

ఈ యుద్యానమునందే మరలతో సంబంధము లేనిదైనను ప్రతి పాంథుడును నిలిచి చూడవలసిన స్మారకశిల యొకటి కలదు. 1944 ఫిబ్రవరి 22వ తేదీన, డెన్మార్కు మీది దాడినుండి దెబ్బతిని తిరిగివచ్చుచున్న అమెరికా బాంబరు విమాన మొకటి ఇచ్చటి చెట్ల వాలున కూలిపోయినది. అందలి పదిమంది యువకులును మరణించిరి. పరదేశమున ప్రాణములు విడిచిన యా పదుగురిని షెఫీల్డు ప్రజలు నేటికిని ఏటేట స్మరించుచున్నారు.

ఎండ్‌క్లిఫు దాటి, వైట్లీ వుడ్స్ అను చెట్లదారిన కొంతదూరము సాగగా షెపర్డ్ వీల్ ఎదురగును. ఈ నడకకు ఇదియే హృదయస్థానము. 1584 నాటి యొక వీలునామాలోనే ఈ తావున చక్రమున్నట్లు దాఖలా కలదు. 1794లో షెపర్డు అను నతడు ఇచ్చట పదిమంది పనివారిని పెట్టుకొని నడపుచుండెను. ఆతని పేరే దీనికి నిలిచినది. బయట పదునెనిమిది అడుగుల వ్యాసముగల చక్రము. దాని వెనుక చెరువు. లోపల నేల తగ్గుగానున్న చిన్న రాతికొట్టము. తూము నెత్తి చక్రమును విడిచిన క్షణమున మొదట నీటి చప్పుడు, పిమ్మట కొయ్యయు ఇనుమును ఒరయు చప్పుడు, తరువాత గోడ కావలి పక్కన పండ్లచక్రములు, తోలుపట్టీలు కదలి, కట్టకడపట సానరాళ్లు గిరగిర తిరుగు చప్పుడు, ఒకదాని వెంట నొకటి వినవచ్చును. బయట నింపాదిగా తిరుగు పెద్దచక్రపు బలము, పండ్లచక్రముల మూలమున లోపల సానకు వడిగా మారు విధానము ఆ చప్పుళ్ల వరుసలోనే బోధపడును.

లోపల ఒక్కొక్క సానయొద్దను గుఱ్ఱపు జీనువంటి కొయ్యపీట యొకటి కలదు. సానపట్టువాడు దానిపై ఇరువైపుల కాళ్లువైచి కూర్చుండి, మోచేతులు మోకాళ్లపై ఆనించి, ముందునకు వంగి, కత్తి అలుగును రాతికి అదిమి పట్టుచుండెను. సానరాయి అడుగుభాగము నీటితొట్టిలో మునిగి తిరుగును. ఆ నీరు లేనిచో రాపిడివేడిమికి ఉక్కు తన పదును నిలుపుకొను గుణమును కోల్పోవును. ఇసుకరాతితో చేసిన యా సాన మొదట పెద్దదై, దినదినము అరుగుచు చిన్నదగును. అరిగిన రాతిపొడియు, ఉక్కురజనును నీటితో కలిసి పసుపుపచ్చని అడుసై పనివాని బట్టలమీదను, గోడమీదను చిందెడిది. కంటికి కనబడని పగులు రాతిలో నుండినచో, వడిమీదనున్న సాన హఠాత్తుగా ముక్కలై పేలి పనివానిని అక్కడికక్కడనే చంపిన సంఘటనలు కలవు. అందువలననే ఆ పీటలను నేలకు ఇనుపగొలుసులతో బిగించి కట్టుచుండిరి.

ఒక కత్తి తయారగుటకు కొలిమియొద్ద సాగగొట్టువా డొకడు, సానపట్టువా డొకడు, పిడి అమర్చి తీర్చిదిద్దువాడు వేరొకడు, ఇట్లు ముగ్గురు అవసరమైరి. మువ్వురివి మూడు వృత్తులు. సానపట్టువారిలో పెక్కురు కూలివాండ్రు గారు. మరయందు ఒక సానకు చోటును, దానికి చాలినంత చక్రబలమును అద్దెకు పుచ్చుకొని తమపని తాము చేసికొను స్వతంత్రజీవులు. స్వాతంత్ర్యము కలదు గాని ఆయువు లేదు. నీటితో సానపట్టువారికంటె, ఫోర్కులకును సూదులకును పొడిసానపై మొన తీర్చువారి గతి మరింత దారుణము. వారు ప్రతి యూపిరితోను రాతిదుమ్మును ఉక్కుదుమ్మును లోనికి పీల్చవలసివచ్చెడిది. ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడి, ఎగరోజుచు, రక్తము కక్కుచు కృశించు నా రోగమునకు సానపనివారి యుబ్బసమని పేరు వచ్చినది. ఇంగ్లండు శ్రామికుల స్థితిని గూర్చి 1845లో ప్రకటించిన గ్రంథమున ఎంగెల్సు ఈ పనివారిని ప్రత్యేకముగా పేర్కొని, పొడిసానవాని యాయువు సగటున ముప్పదియైదేండ్లు దాటుట కష్టమనియు, తడిసానవాడు నలుబదియైదు దాటుట అరుదనియు వ్రాసినాడు.

షెఫీల్డున ఆవిరిబలముతో సాన త్రిప్పుట 1786లో ఆరంభమైనది. వాగు ఎండిన దినమున విశ్రాంతి దొరకు పాతపద్ధతి పోయి, ఏడాది పొడవున ఎడతెగని పని వచ్చినది. గాలి యాడు లోయలోని కొట్టములు విడిచి, పట్టణములోని ఇరుకైన గదులలో ఎక్కువమంది గుమిగూడిరి. దుమ్మును పీల్చివేయు పంకాలు కనుగొనబడిన పిమ్మటను అవి యంతట వ్యాపించుటకు దీర్ఘకాలము పట్టినది. మనము నేడు తళతళలాడు చెంచాను చూచి మెచ్చుకొనునప్పుడు ఆ తళుకు వెనుక ఏమున్నదో షెపర్డ్ వీలు కొట్టములోని కొయ్యపీట ఎదుట ఒక్క నిమిషము నిలిచినవారికి విశదమగును. అందువలన ఈ నడకలో చూడవలసినవాటిలో ఒక్కటి మాత్రమే చూడగలిగినచో, ఆ పీటనే చూడుమని పాఠకునితో చెప్పదలచితిని.

షెపర్డ్ వీలున పని 1930లో నిలిచిపోయినది. పాడుపడి కూలిపోవలసిన యా కొట్టమును పట్టణ ప్రజలు పట్టుదలతో నిలువబెట్టిరి; 1962లో అది ప్రదర్శనశాలగా తెరువబడి, నడుమ కొంతకాలము మూతబడి, మరమ్మతులు జరిగి 2012లో మరల తలుపులు తెరచినది. ఈ పునరుద్ధరణలో పోర్టరు లోయ మిత్రసంఘమువారి పాత్ర గణనీయము. చక్రము ప్రతిదినము తిరుగదు గనుక, తిరుగు దినములేవో ముందుగా తెలిసికొని బయలుదేరుట వివేకము.

ఇంకను పైకి పోగా వైర్ మిల్ చెరువు కనబడును. పేరునుబట్టియే అచ్చట తీగ తీయు మర యుండెనని తెలియుచున్నది గాని, ఆ తావునకు అంతకు పూర్వమొక గొప్ప చరిత్ర కలదు. థామస్ బోల్సోవరు అను కత్తులపనివాడు 1743 ప్రాంతమున, వెండిని రాగిని ఒకచో వేడిచేసినపుడు అవి విడదీయరాని విధమున అతుకుకొనుటయు, ఆ జంటలోహమును రేకుగా సాగగొట్టినను రెండు పొరలును సమముగా సాగుటయు గమనించెను. పైకి వెండి, లోపల రాగి. చూపునకు వెండివస్తువు, వెలకు మధ్యతరగతి గృహస్థునకు అందునది. బోల్సోవరు దీనితో ముఖ్యముగా గుండీలను చేసి విక్రయించెను. ఆతని పిమ్మటివారు కాఫీపాత్రలు, దీపపుసెమ్మెలు, పళ్లెరములు చేసి ఒక మహాపరిశ్రమను నిర్మించిరి. విద్యుత్తుతో వెండిపూత పూయు పద్ధతి 1840 తరువాత వ్యాపించి, ఈ విద్యను వెనుకకు నెట్టినది. బోల్సోవరు తన లాభములను ఈ లోయలోనే వెచ్చించి, లోహపు రేకులు సాగదీయు మరను స్థాపించినాడు. ఆతని స్మారకచిహ్నము చెరువుగట్టుననే కలదు.

ఆ పైని ఫోర్జ్ డ్యామ్ చెరువును గూడ బోల్సోవరే కట్టించెను. ఇచ్చటి చక్రబలము సానల కొరకు గాక సమ్మెటలను ఎత్తివేయుటకు వినియోగపడినది. పని నిలిచిన పిదప ఇది పడవ షికారునకు ప్రసిద్ధమై, తరతరముల షెఫీల్డు బాలురకు ఆదివారపు విహారస్థలమైనది. నేడు గట్టుననున్న చిన్న ఫలహారశాలయొద్ద నడచువారు సేదదీరుదురు. హంటర్స్ బార్ నుండి ఇచ్చటికి సుమారు రెండు మైళ్లు. పెద్దలును పిల్లలును సుఖముగా నడువదగిన దూరము. చెరువులో పూడిక పేరుకొనుచుండును. మర నడచినన్నాళ్లు చెరువును శుభ్రపరచుట జీవనోపాధిలో భాగమై యుండెను. మర పోయిన పిమ్మట పూడిక తీయు భారము ప్రజలపై పడినది. వారసత్వమును కాపాడుటయనగా సగము పని పూడిక తీయుటయేనని ఈ చెరువు చెప్పుచున్నది.

ఓపిక గలవారు ఇంకను పడమటికి ఎక్కి, మేఫీల్డు లోయలోని పొలముల నడుమనుండియు, పోర్టర్ క్లఫ్ అను ఇరుకైన చెట్లకనుమనుండియు రింగింగ్‌లో చేరవచ్చును. అచ్చట ఎనిమిది పలకల పాత సుంకపు ఇల్లు ఒకటి దారిప్రక్క నిలిచియున్నది. దాని కావల నంతయు గాలి వీచు బీడునేల, వాగు యొక్క పుట్టినిల్లు.

వేరొకనాడు హంటర్స్ బార్ నుండి దిగువకు నడుచుట మంచిది. షారో యను చోట విల్సన్ కుటుంబమువారు పదునెనిమిదవ శతాబ్దము నుండి నడపుచు వచ్చిన ముక్కుపొడుము మర కలదు. కత్తుల లోయలో పొగాకును పొడిచేయుటకును ఈ వాగునీరే పనికివచ్చినది. ఆ పిదప 1836లో తెరువబడిన జనరల్ సెమెటరీ అను శ్మశానవనము. దాని ద్వారభవనమును వాగుపైననే కట్టినారు. సామాన్యులకు ఓటుహక్కు కావలెనని పోరాడి, కారాగారవాసముచే క్షీణించి 1842లో మృతినొందిన శామ్యూల్ హోల్బెరీ సమాధి అచ్చట నున్నది. అక్కడినుండి నగరమున వాగు కనబడుట తక్కువ. చాలభాగము రోడ్ల క్రిందను, భవనముల క్రిందను పూడ్చిన సొరంగములలో సాగి, రైల్వేస్టేషను అడుగున షీఫులో లీనమగును. మాటిల్డా వీథియొద్ద మాత్రము 2016లో పైకప్పు తొలగించి, ఒడ్డున చిన్న తోటను వేసి, వాగునకు మరల వెలుగు చూపినారు.

ఈ లోయ ఇండ్లతో నిండిపోకుండ దక్కుటకు రెండు కారణములు కలవు. వాగు అంచులు పల్లపువై, చెరువులతో నిండి కట్టడములకు అంతగా అనుకూలింపకుండుట మొదటిది. మరలు మూతబడినకొలది ఆ భూములను కొని ప్రజలకు ఉద్యానములుగా విడిచిన పురపాలకులును, జె. జి. గ్రేవ్సు వంటి దాతలును ఉండుట రెండవది. గడియారములను తపాలామూలమున అమ్మి ధనికుడైన గ్రేవ్సు తన యార్జనలో పెద్దభాగమును షెఫీల్డు తోటలకు, చిత్రశాలకు వెచ్చించినాడు.

ఉక్కును గూర్చిన ఈ కథలో తెలుగునేలకు గల స్థానమును మనము విస్మరింపరాదు. షెఫీల్డునకు సమీపమున బెంజమిన్ హంట్స్‌మన్ మట్టిమూసలలో ఉక్కును కరగించు పద్ధతిని సాధించినది 1740 ప్రాంతమున. అంతకు శతాబ్దములకు పూర్వమునుండియు మన కమ్మరులు ఇనుమును మూసలలో మూసి, కొలిమిలో కాచి మేలైన ఉక్కును తీయుచుండిరి. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఇందుకు పేరుగాంచినది. అచ్చటి ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు స్వయముగా వచ్చుచుండిరని హెన్రీ వాయ్సీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. ఇట్టి ఉక్కు గుణములను గూర్చి 1795లో లండను రాయల్ సొసైటీ ఎదుట ఒక వ్యాసము చదువబడినది. షెఫీల్డున షీఫు నదిపైని ఆబీడేల్ గ్రామమున మూస ఉక్కు కొలిమి నొకదానిని చెక్కుచెదరకుండ నిలిపి, పిల్లలకు చూపుచున్నారు. మన ఉత్తర తెలంగాణ పల్లెలలో నాటి కొలుముల చిట్టెపు కుప్పలును, మూసల పెంకులును పొలములలో నేటికిని దొరకుచున్నవి. అవి యేమిటో చెప్పు పలక యొక్కటియైనను లేని తావులు పెక్కు.

షెఫీల్డున చదువుకొనుచున్న మన యువకులు అనేకులు. వారు ఒక సెలవుదినమున ఈ వాగు వెంట నడచి, షెపర్డ్ వీలున చక్రము తిరుగుచుండగా చూడవలెనని నా కోరిక. చూచివచ్చినవారు ఊరకుండక, కోనసముద్రమునకును ఆ చుట్టుపట్ల పల్లెలకును ఇట్టి నడకబాట యొకటి ఏర్పడుటకు పూనుకొందురుగాక. అందుకు కావలసినవి గొప్ప నిధులు గావు. చిట్టెపు కుప్పలను గుర్తించిన ఒక పటము, తావు తావున ఒక రాతిపలక, ఆ యూరివారి చేతికి అప్పగించిన బాధ్యత, ఇవి చాలును.